ఉత్తర ముఖం ఇంటి ముందు మడి: చలికాలం చీకటినీ మే నెల ఎండనూ రెండింటినీ తట్టుకునే మొక్కలు

వాస్తు చూసి ఇల్లు కట్టుకునేవాళ్లలో ఉత్తరం వాకిలి కావాలనేవాళ్లు చాలామంది. వాకిలి పక్కన గోడకు ఆనుకుని వదిలిన మడిలో ఏం వేసినా బతకట్లేదన్న మాట కూడా ఆ ఇళ్లలోనే ఎక్కువగా వినిపిస్తుంది. ఇక్కడ రాస్తున్నది హైదరాబాద్‌లో అలాంటి ఒక మడి గురించి: పాత మడిలో ఏం చెడింది, కొత్తగా ఏం వేశాం, రెండు వేసవుల్లో అది ఎలా నిలబడింది.

స్థలం

రెండంతస్తుల ఇల్లు. పిట్టగోడతో కలిపి ఎత్తు దాదాపు 22 అడుగులు. ముందు గోడ వెంట తూర్పు నుంచి పడమరకు 18 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడి. దాని మీదుగా 10 అడుగుల ఎత్తులో రెండున్నర అడుగుల బాల్కనీ ముందుకొచ్చి ఉంది. ప్రహరీ బయట ఫుట్‌పాత్ మీద పెద్ద కానుగ చెట్టు. దాని కొమ్మలు తూర్పు వైపు 12 అడుగుల మడి మీద గొడుగులా పరుచుకున్నాయి. పడమటి 6 అడుగుల మీద కొమ్మల్లేవు.

ఇంటివాళ్ల షరతులు మూడు. నెలకు గంటకు మించి పని ఉండకూడదు. రెండు వారాలు ఊరెళ్లినా మొక్కలు చావకూడదు. పెద్దావిడ పూజకు నాలుగు పూలు దొరకాలి. ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంది, అది నాలుగో షరతు.

అంతకుముందు రెండుసార్లు చెడింది

మొదటిసారి గులాబీ, మందారం, నూరువరహాలు వేసి, ముందు వైపు గడ్డి పరిచారు. చలికాలం వచ్చేసరికి మందారం కొమ్మలు సన్నగా సాగి వాలిపోయాయి, మొగ్గ పట్టలేదు. గడ్డి పలచబడి నేల బయటపడింది. నూరువరహాల ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి తక్కినదంతా పసుపెక్కాయి.

రెండోసారి 'నీడలో పెరిగే మొక్కలు' అనే జాబితా ఒకటి పట్టుకుని పీస్ లిల్లీ, కలాథియా, ఫెర్న్ తెచ్చారు. జులై నుంచి మార్చి దాకా కళకళలాడాయి. మే మూడో వారానికి పడమటి చివర ఉన్నవన్నీ కాగితంలా ఎండిపోయాయి. నీళ్లు చాలలేదనుకుని రోజూ పోశారు. దాంతో తూర్పు చివరవి కుళ్లాయి.

రెండుసార్లూ ఒక్క మాటే తప్పుదారి పట్టించింది: 'ఇది నీడ మడి'. మన అక్షాంశంలో ఉత్తరం వైపు నీడ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. అంటే దాదాపు పన్నెండు వారాలు ఉత్తరపు గోడకు నేరుగా ఎండ తగులుతుంది. దక్షిణానికి పోయేకొద్దీ ఈ కాలం పెరుగుతుంది. తిరుపతిలో ఏప్రిల్ ఆఖరుకే మొదలై ఆగస్టు మధ్య దాకా సాగుతుంది. ఉత్తరార్ధగోళంలోని చల్లని దేశాల్లో ఉత్తరపు గోడకు మధ్యాహ్నం ఎండ ఎన్నడూ తగలదు. అక్కడి జాబితాలు ఇక్కడ పనికిరాకపోవడానికి ఇదే అసలు కారణం, చలీ వేడీ తర్వాతి సంగతి.

ఈ ఇంటి లెక్క ఇలా తేలింది. డిసెంబరు 21 మధ్యాహ్నం ఇంటి నీడ గోడ నుంచి 19 అడుగుల దాకా పడుతుంది, మడి పూర్తిగా అందులోనే. మార్చి 21న ఆ నీడ 7 అడుగులకు కుదించుకుపోతుంది, అయినా 4 అడుగుల మడి ఇంకా లోపలే. జూన్ 21న సూర్యుడు నడినెత్తికి 6 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. బాల్కనీ అడ్డుపడినా గోడ నుంచి అడుగున్నర దాటిన ప్రతి అంగుళం మీదా మధ్యాహ్నం ఎండ పడుతుంది. తూర్పు వైపు కానుగ కొమ్మలు దాన్ని వడగడతాయి. పడమటి 6 అడుగులకు ఆ రక్షణ లేదు. పైగా ఏప్రిల్ నుంచే సూర్యుడు పడమరకు కాస్త ఉత్తరంగా అస్తమిస్తాడు కాబట్టి సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఏటవాలు ఎండ ఆ చివరకే తగులుతుంది. రోజంతా కాగిన గోడ వేడి దానికి తోడు.

బాల్కనీ అడ్డుకునేది ఎండనే కాదు, వానను కూడా. గోడ పక్క రెండడుగులకు పైగా నేల ఆగస్టులో కూడా పొడిగానే ఉంటుంది. ఎండ లేదు కాబట్టి తేమ ఉంటుందని అనుకోవడం పొరపాటు. ఈ లోపలి పట్టీ నీడైనా ఎండిన నీడ.

వెలుతురు కొలవడానికి పరికరం అక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి నేల మీద తెల్లకాగితం పరిచి, దానికి అడుగు ఎత్తులో చెయ్యి పెట్టాలి. నీడ అంచు గీత గీసినట్టుంటే పూల మొక్కలకు సరిపోయే వెలుతురు. చెయ్యని తెలుస్తూ అంచులు మసకగా ఉంటే అగ్లోనిమా, జనాడు లాంటి ఆకుల అందం కోసం పెంచే మొక్కలు హాయిగా పెరుగుతాయి. నీడే కనిపించకపోతే స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ తప్ప వేరేవి నిలవడం కష్టం. ఈ పరీక్ష డిసెంబరులో ఒకసారి, మే ఆఖరున ఒకసారి తప్పక చెయ్యాలి. ఒక్కసారి చూసి మొక్కలు కొంటే మళ్లీ పాత కథే.

మట్టి పని

గడ్డపారతో తవ్వితే నాలుగంగుళాల ఎర్రమట్టి కింద ఇటుక ముక్కలు, టైల్స్ ముక్కలు, సిమెంటు పెళ్లలు బయటపడ్డాయి. ఇల్లు కట్టినప్పటి చెత్తంతా మడిలోనే పూడ్చారు. సిమెంటు వల్ల మట్టిలో క్షారం పెరుగుతుంది. క్షారపు మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. నూరువరహాలు పసుపెక్కింది అందుకే. దానికి ఎంత యూరియా వేసినా ప్రయోజనం ఉండదు.

గోడ పక్క ఆరంగుళాలు వదిలి, మిగిలిన మూడున్నర అడుగుల వెడల్పున అడుగు లోతు తవ్వి తీసేశాం. మొత్తం 63 ఘనపుటడుగుల చెత్త. కానుగ వేళ్లు బొటనవేలి కన్నా లావుగా ఉన్నచోట నరకలేదు. చుట్టూ చేత్తో మట్టి తీసి వాటిని అలాగే ఉంచాం. చెట్టు దెబ్బతింటే మడికున్న గొడుగు పోతుంది.

నింపిన మిశ్రమం: ఎర్రమట్టి 40 ఘనపుటడుగులు, బాగా చివికిన పశువుల ఎరువు 16, పాత వరి ఊక 8, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 8, వేపపిండి 8 కిలోలు. కోకోపీట్ కోసం ఇటుకల్లా నొక్కి అమ్మే 5 కిలోల దిమ్మెలు మూడు నానబెట్టి, రెండుసార్లు నీళ్లు మార్చి పిండాం. అందులో ఉప్పు ఉంటుంది, కడక్కపోతే ఆకుల కొసలు మాడతాయి. ఊక పాతదే వాడాలి. కొత్త ఊక చివికేటప్పుడు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటుంది, మొక్కలు పాలిపోతాయి. గుంట కన్నా 9 ఘనపుటడుగులు ఎక్కువ కలపడం లెక్క తప్పి కాదు, ఒక వర్షాకాలానికి మట్టి దిగుతుంది. ఇక్కడ రెండంగుళాలు దిగింది.

మట్టి మట్టం ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడ కింద ఉండే కాంక్రీటు దూలం) పైభాగానికి ఆరంగుళాలు కిందే ఆగాలి. గోడకు మట్టి ఎగదోస్తే చెమ్మ లోపలికి పాకుతుంది, చెదలకు గోడలోకి దారి దొరుకుతుంది. వదిలిన ఆరంగుళాల పట్టీలో 20 ఎంఎం కంకర పోశాం. అక్కడ చెక్క పొట్టు, ఎండుటాకులు పడకూడదు. మొక్కలు గుబురుగా ఉంటే పాములు వస్తాయని పెద్దావిడ భయపడ్డారు. ఆ భయం తీసిపారేయాల్సింది కాదు. పాము ఎలుక కోసం, దాక్కునే చోటు కోసం వస్తుంది. గోడకూ మొక్కలకూ మధ్య ఖాళీగా, కంటికి కనిపించే కంకర పట్టీ ఉంటే ఆ రెండూ దొరకవు.

మొత్తం ఖర్చులో మొక్కల కన్నా మట్టికే ఎక్కువైంది. ఇంటివాళ్లు మొదట అక్కడే తగ్గించమన్నారు. అక్కడ తగ్గించి ఉంటే ఈ మడి మూడోసారి కూడా చెడేది.

మొక్కల ఎంపిక

షరతు ఒక్కటే: డిసెంబరు చీకటినీ జూన్ ఎండనూ తనకు కేటాయించిన చోట రెండింటినీ తట్టుకోవాలి.

గోడ వైపు పట్టీకి, అంటే కంకర తర్వాతి అడుగు వెడల్పుకు, స్నేక్ ప్లాంట్ 12, జెడ్‌జెడ్ 4. స్నేక్ ప్లాంట్లు నాలుగేసి చొప్పున మూడు గుంపులు, మొక్కకూ మొక్కకూ పదంగుళాలు. గుంపుల మధ్యలోనూ రెండు చివరలా రెండేసి అడుగుల చోటులో ఒక్కో జెడ్‌జెడ్. స్నేక్ ప్లాంట్ ఆకుల్లో, జెడ్‌జెడ్ భూమిలోని దుంపల్లో నీళ్లు దాచుకుంటాయి. వాన పడని పట్టీకి ఇంతకన్నా నమ్మకమైనవి లేవు. రెండూ చచ్చేది ఒక్కదానితోనే, ఎక్కువ నీళ్లతో.

మధ్య పట్టీలో తూర్పు వైపు 12 అడుగులకు ఫిలోడెండ్రాన్ జనాడు 3, రెండున్నర అడుగుల దూరంలో. మిగిలిన నాలుగున్నర అడుగుల్లో ఆకుపచ్చ, వెండి రంగుల అగ్లోనిమా 6. ఎర్ర, గులాబీ అగ్లోనిమాలు నర్సరీలో కన్ను తిప్పుకోనివ్వవు గానీ చలికాలపు చీకట్లో రంగు తగ్గి నీరసిస్తాయి. ఆకులో పచ్చదనం ఎంత ఎక్కువుంటే తక్కువ వెలుతురును అంత బాగా వాడుకుంటుంది.

పడమటి 6 అడుగులది వేరే లెక్క. అక్కడ పొట్టి నందివర్ధనం 3, వాటి ముందు స్పైడర్ లిల్లీ 12, అడుగు దూరంలో రెండు వరసలు. నందివర్ధనం ఎండా నీడా రెండింట్లోనూ ఉంటుంది. నీడలో పూలు తగ్గుతాయి, ఆగవు. పూజ పూల షరతు దానితో తీరింది. కనకాంబరం కూడా సగం నీడలో బాగానే పూస్తుంది, అడిగారు కూడా. కానీ వేళ్లకు నులిపురుగు పట్టి రెండుమూడేళ్లకోసారి మార్చాల్సి వస్తుంది, తక్కువ పని అన్న షరతుకు అది నిలవదు.

ముందు అంచున, తూర్పు 12 అడుగులకు రోయో 18, ఎనిమిదంగుళాలకొకటి. ఆకు అడుగు భాగం ఊదా రంగు. ఎండలో ఆ రంగు చిక్కబడుతుంది, నీడలో పచ్చబడుతుంది, చావదు.

మొత్తం 58 మొక్కలు.

వద్దన్నవాటి గురించి కొంచెం. డిఫెన్‌బేకియా పిల్ల ఉన్న ఇంటి ముందు పెట్టం. ఆకు నమిలితే అందులోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు నోరు, గొంతు వాపెక్కిస్తాయి. అవే స్ఫటికాలు అగ్లోనిమా, జనాడు, జెడ్‌జెడ్‌లలోనూ ఉన్నాయని ఇంటివాళ్లకు ముందే చెప్పాం. అందుకే అవి వెనక వరసల్లో ఉన్నాయి. ముందున్న రోయో రసం చర్మానికి దురద పెడుతుంది, ఆకు తుంచితే చేతులు కడగాలి. పిల్ల కాస్త పెద్దయ్యేదాకా మడి దగ్గర ఒంటరిగా వదలొద్దన్నాం. మనీప్లాంట్ నేల మీద పరిస్తే ఆరు నెలల్లో మిగతా మొక్కల మీదకెక్కుతుంది, నెలనెలా కత్తిరించాలి. స్పైడర్ ప్లాంట్‌కు బోరు నీళ్లు పడవు. నీళ్లలో ఫ్లోరైడ్, లవణాలు ఉంటే దాని కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. తమలపాకు తీగకు ఈ నీడ నచ్చుతుంది గానీ తేమ తప్పకూడదు, ఊరెళ్లే ఇంటికి సరిపడదు. తులసి డాబా మీది కుండీలోకి వెళ్లింది.

నాటడం

జులై మూడో వారంలో నాటాం. నేల తడిసి ఉంటుంది, మబ్బులుంటాయి, వచ్చే మే లోగా వేళ్లు పాతుకోవడానికి పది నెలలు దొరుకుతాయి. ఫిబ్రవరిలో నాటిన మొక్కకు మూడు నెలలే.

మన నర్సరీలకు మొక్కలు ఎక్కువగా తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి వస్తాయి. వాటిలో చాలావాటి వేళ్ల చుట్టూ బంకమట్టి గడ్డ కట్టి ఉంటుంది. ఆ గడ్డను అలాగే గుల్ల మట్టిలో పాతితే పోసిన నీళ్లు గడ్డ పక్కనుంచి జారిపోతాయి. మడి తడిగా కనిపిస్తుంది, మొక్క దాహంతో చస్తుంది. కవరు తీసి, గడ్డను బకెట్ నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పై అంగుళం మట్టిని వేళ్లతో వదులు చేసి నాటాలి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్‌లను మాత్రం నానబెట్టకూడదు. పొడిగానే విడదీసి నాటి, నాలుగు రోజుల తర్వాత మొదటి నీళ్లు.

నీళ్లకు మూడు డ్రిప్ పైపులు, 16 ఎంఎం ఇన్‌లైన్ (రంధ్రాలు పైపులోనే ఉండే రకం), 30 సెంటీమీటర్లకొక రంధ్రం, ఒక్కో రంధ్రం నుంచి గంటకు 2 లీటర్లు. ఒక్కో పైపు మీద 18 రంధ్రాలు, అంటే అరగంటకు 18 లీటర్లు. గోడ వైపు పైపుకు వేరే వాల్వ్ పెట్టాం. అది లేకపోతే ఈ మొక్కల ఎంపికకు అర్థమే లేదు. లోపలి పట్టీకి చలికాలంలో పన్నెండు రోజులకోసారి, వేసవిలో వారానికోసారి అరగంట. బయటి రెండు పైపులకు వేసవిలో మూడు రోజులకోసారి ముప్పావుగంట, చలికాలంలో వారానికోసారి అరగంట, వానలు పడేటప్పుడు బంద్. బయటి వరసల కోసం వాల్వ్‌కు టైమర్ బిగించాం కాబట్టి ఊరెళ్లినా ఇబ్బంది లేదు. బోరు నీళ్ల ఉప్పు రంధ్రాలను మూసేస్తుంది. నెలకోసారి పైపు చివరి మూత తీసి రెండు నిమిషాలు నీళ్లు వదలాలి.

ఏం చెడింది

ఆగస్టులో తూర్పు చివర రోయో నాలుగు మొదళ్లు మెత్తబడి పోయాయి. పార్కింగ్ ఫ్లోరు వాలు అటే ఉంది, వాన నీళ్లన్నీ ఆ మూలకు చేరుతున్నాయి. ఇది ముందే ఒక బకెట్ నీళ్లు పోసి చూసుకోవాల్సిన విషయం, చూడలేదు. అంచు రాయిలో రెండంగుళాల సందు తీసి నీటిని బయటకు మళ్లించి కొత్త నాలుగు వేశాం.

మే రెండో వారంలో ఒక జెడ్‌జెడ్ ఆకులు పసుపెక్కి రాలాయి. ఎండదెబ్బ అని ఇంటివాళ్లు నీళ్లు పెంచబోయారు. కానీ ఆ మొక్క ఉన్నది మధ్యాహ్నపు ఎండ ఎప్పుడూ తగలని పట్టీలో. కాడ లాగితే చేతికొచ్చింది, దుంప గుజ్జులా ఉంది, వాసన వేసింది. పైన చూస్తే ఏసీ నీళ్ల పైపు సరిగ్గా దాని మొదట్లో కారుతోంది. వేసవి రాత్రుల్లో ఆగకుండా చుక్కలు పడుతూనే ఉన్నాయి. అరంగుళం పైపు తగిలించి ఆ నీళ్లను నందివర్ధనం దగ్గరకు పంపాం. ఏసీ నీళ్లలో లవణాలు ఉండవు కాబట్టి దానికి మేలే. నీడ మొక్క మేలో వాడితే ముందు మట్టిలో వేలు దింపి చూడాలి, ఆ తర్వాతే నీళ్ల సంగతి.

అదే నెల ఆఖరున, వానలకు ముందు కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టేటప్పుడు కానుగ కొమ్మ ఒకటి పోయింది. మూడు రోజుల్లో రెండు అగ్లోనిమాల ఆకుల మీద తెల్లటి మచ్చలు తేలి, తర్వాత గోధుమరంగుకు తిరిగాయి. అది తెగులు కాదు, కాలిన మచ్చ. మందు కొడితే ఇంకా కాలుతుంది. బాల్కనీ నుంచి ప్రహరీ దాకా 50 శాతం షేడ్ నెట్ కట్టి ఆగస్టు మొదటి వారం దాకా ఉంచాం. కాలిన ఆకుల్ని వెంటనే కోయలేదు, కొత్త ఆకు విచ్చుకునేదాకా పచ్చగా మిగిలిన భాగమే మొక్కకు తిండి పెడుతుంది. ఆ రెంటినీ జులైలో జనాడు వెనక్కి మార్చాం.

స్పైడర్ లిల్లీకి వానల్లో నలుపు మీద తెల్ల, నారింజ మచ్చల గొంగళి పురుగు వచ్చింది. గుంపుగా పడి రెండు రాత్రుల్లో ఆకును గీకేస్తుంది. పన్నెండు మొక్కలే కాబట్టి ఉదయం చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేస్తే చాలు. నందివర్ధనానికి పట్టిన పిండినల్లికి లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, 1 మిల్లీలీటరు ద్రవసబ్బు కలిపి సాయంత్రం పూట వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టాం. చీమల బారు ఎక్కడినుంచి వస్తోందో చూసి అది ఆపకపోతే పిండినల్లి మళ్లీ వస్తుంది, దాన్ని మోసుకొచ్చేది చీమలే.

ఇప్పుడు పడుతున్న పని

మార్చిలో కానుగ ఆకు రాలుతుంది. మడిలో పడినదాన్ని ఊడ్చేయకుండా రెండంగుళాల మందాన మొక్కల మధ్య ఉంచి, కంకర పట్టీ మీదిది మాత్రం తీసేస్తారు. జూన్‌లో 40 కిలోల పశువుల ఎరువు, రెండు కిలోల వేపపిండి పైపైన చల్లడం. వానలయ్యాక అక్టోబరులో నందివర్ధనం కొసలు కత్తిరించడం. నెలనెలా పైపు కడగడం, ఎండాకు తీయడం. ఇదంతా కలిపి నెలకు గంట లోపే.

రెండో మే దాటాక లెక్కిస్తే నాటిన 58లో పోయినవి ఐదు: నాలుగు రోయో, ఒక జెడ్‌జెడ్. ఆ జెడ్‌జెడ్ చోట కొత్తది కొనలేదు, స్నేక్ ప్లాంట్ గుంపు నుంచి పిలకలు తీసి పెట్టాం. జనాడు మూడూ వెలుతురు కోసం వీధి వైపు వాలుతున్నాయి, వచ్చే జులైలో వెనక ఆకులు నిలిచేలా ముందు వైపు పాత ఆకులు తీయాలి. షేడ్ నెట్ మడిచి మెట్ల కింద ఉంది. బాల్కనీకి బిగించిన నాలుగు కొక్కేలు తీయలేదు, తీగల కింద కొమ్మలు కొట్టడం ప్రతి మేలోనూ ఉంటుంది.